10ఎక్స్ ట్రిప్లెట్ లెన్స్ రివ్యూ: ఆరు చుక్కల గ్రౌండ్ బీటిల్ మీద పెట్టి చూశా

కొనాలా వద్దా అని మాత్రమే తెలుసుకోవాలనుకునేవాళ్లకి ముందే చెప్పేస్తా. కొనండి, కానీ 10ఎక్స్‌దే, అంటే పదింతలు పెద్దగా చూపించేదే కొనండి, 30ఎక్స్ అని రాసున్న వాటి జోలికి పోకండి, ఫోన్‌కి తగిలించే క్లిప్ లెన్స్ ఉంది కదా ఇదెందుకు అనుకునేవాళ్లు మాత్రం కిందదాకా చదవండి. మిగతాదంతా నేను ఎందుకు అలా అంటున్నానో చెప్పడానికే, కొంచెం పెద్దదే అవుతుంది, పురుగుల గురించి మొదలుపెడితే నాకు బ్రేకులుండవు.

వస్తువు ఏంటంటే మడిచి జేబులో పెట్టుకునే చిన్న లూప్. నగల షాపుల్లో రాళ్లు చూడ్డానికి వాడతారు చూడండి, స్టీల్ కవర్‌లోంచి తిప్పితే అద్దం బయటికొస్తుంది, అదే. అద్దం వెడల్పు 21 ఎంఎం. లోపల మూడు గాజులు ఒకదానికొకటి అతికించి ఉంటాయి, ట్రిప్లెట్ అనేది అందుకే. మామూలు ఒంటి గాజు భూతద్దంలో నల్లటి వస్తువు అంచుని చూస్తే ఊదారంగుదో పచ్చరంగుదో ఒక గీత కనపడుతుంది, పక్కలకి పోయేకొద్దీ బొమ్మ వంగిపోయి మసకైపోతుంది, ఆ రెండూ సరిచెయ్యడానికే ఈ మూడు గాజుల ఏర్పాటు. నాకు ఏడొందల చిల్లర పడింది. బ్రాండ్ పేరు చెప్పట్లేదు, ఎందుకంటే ఇదే ఫొటోతో ఇదే మాల్ నాలుగైదు పేర్లతో అమ్ముతున్నారు, పేరు చూసి కొనే వస్తువు కాదు ఇది, చేతికొచ్చాక చెక్ చేసుకుని ఉంచుకోవాలా వాపస్ పంపాలా అని తేల్చుకునే వస్తువు.

మా రాయలసీమ వైపు ఎర్రనేలల్లో, బీడు భూముల్లో, కంపల మధ్య వానలు పడ్డాక ఒక పెద్ద నల్ల పెంకుపురుగు తిరుగుతుంటుంది. సిక్స్ స్పాట్ గ్రౌండ్ బీటిల్ అంటారు, సైన్స్ పేరు ఆంథియా సెక్స్‌గుట్టాటా. 1775లో ఫాబ్రీషియస్ అనే డెన్మార్క్ ఆయన, జీవులకి సైన్స్ పేర్లు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ శిష్యుడే, దీనికి కారాబస్ సెక్స్‌గుట్టాటస్ అని పేరు పెట్టాడు, ఆంథియా అనే జీనస్‌లోకి, అంటే దగ్గరి రకాల్ని కలిపే గుంపులోకి, తర్వాత వచ్చింది. సైజు నాలుగు సెంటీమీటర్ల వరకు ఉంటుంది, ఒళ్లంతా నలుపు, పైన ఆరు తెల్ల చుక్కలు. తల వెనక ఉండే పెంకు మీద రెండు, దాన్ని ప్రోనోటమ్ అంటారు, దాని వెనక రెక్కల పెంకుల మీద ఒక్కోవైపు రెండేసి. ఎగరలేదు, పరిగెత్తడమే దాని పని, పొడుగు కాళ్ల మీద ఒళ్లు పైకెత్తుకుని పోతుంది, మిగతా పురుగుల్ని వేటాడి తింటుంది. లెన్స్‌ని దీని మీదే టెస్ట్ చేశాను.

ఇంత పెద్ద పురుగుకి లెన్స్ ఎందుకు బాబూ, ఆరు చుక్కలు కళ్లతోనే లెక్కపెట్టొచ్చు కదా అంటారు. నిజమే. కానీ చుక్కలు చూసి పేరు చెప్పేసేవాళ్లకోసమే అన్నట్టు ప్రకృతి ఒక బొద్దింకని పెట్టింది. థీరియా పెటివేరియానా, దక్షిణ భారతంలో ఉంటుంది, అదే కంపలు, అదే ఆకుల చెత్త, అదే వానల టైం. నలుపు మీద తెల్ల చుక్కలే, కాకపోతే ఏడు. ఆంథియా జోలికి పోతే ఆసిడ్ చిమ్ముతుందని తెలిసిన పక్షులు బల్లులు ఈ బొద్దింకని కూడా వదిలేస్తాయని ఆ వేషం అయ్యుండొచ్చని ఒక అభిప్రాయం ఉంది. ఆ బొద్దింకకి 1758లో లిన్నేయస్ పెట్టిన మొదటి పేరు కాసిడా పెటివేరియానా, కాసిడా అంటే తాబేటి డిప్పలాంటి పెంకుండే బీటిల్స్ జీనస్. అంటే ఆయనంతటాయన బొద్దింకని తీసుకెళ్లి పెంకుపురుగుల్లో కలిపేశాడన్నమాట, ఇంక వాట్సాప్ గ్రూపులో ఫొటో చూసి టక్కున పేరు చెప్పేవాళ్లని ఏమంటాం.

రెండిటికీ తేడా లెన్స్‌లో చూస్తే భలే క్లియర్‌గా ఉంటుంది. పెంకుపురుగుకి రెండు రెక్కల పెంకులు వీపు మధ్యలో ఒక తిన్నటి గీత మీద కలుస్తాయి, ఏదీ దేని మీదికీ ఎక్కదు. బొద్దింకకి ఒక రెక్క ఇంకోదాని మీదికి ఎక్కి ఉంటుంది, ఏడు అనే బేసి లెక్క అందుకే, పైనున్న రెక్క మీద నాలుగు, కిందికి పోయినదాని మీద బయటికి కనపడేవి మూడు. తర్వాత మీసాలు. ఆంథియా మీసంలో కణుపులు పదకొండే, లెన్స్ పెట్టి ఓపిగ్గా లెక్కపెట్టొచ్చు, బొద్దింక మీసంలో లెక్కపెట్టడం మొదలుపెట్టి మీరే మానేస్తారు. ముందుకి పొడుచుకొచ్చిన దవడలు బీటిల్‌కి పైనుంచే కనపడతాయి, బొద్దింక తల ప్రోనోటమ్ కింద దాక్కుని ఉంటుంది.

ఈ లెన్స్‌కి నేను ఫిదా అయింది మాత్రం చుక్కల దగ్గర. మామూలు కంటికి సున్నం బొట్టు పెట్టినట్టుండే ఆ తెల్ల మచ్చ, 10ఎక్స్‌లో చూస్తే అసలు రంగు కాదు, ఒత్తుగా పడుకున్న తెల్లటి సన్న వెంట్రుకల గుంపు. చుట్టూ నల్లటి పెంకు, మధ్యలో ఆ వెంట్రుకలు ఒక్కొక్కటీ విడివిడిగా. వెంట్రుకలన్నాక అరిగే అవకాశం ఉంటుంది, కాబట్టి ఐదు చుక్కలే ఉన్నాయి ఇది వేరే రకం అని గొడవ మొదలుపెట్టే ముందు ఆ ఆరో చోట లెన్స్ పెట్టి చూడటం మంచిది. చవక ఒంటి గాజు దాంట్లో ఇదే చూస్తే తెల్లటి మసక, చుట్టూ ఊదారంగు అంచు, అంతే, వెంట్రుక అన్న సంగతే తెలీదు.

ఇప్పుడు అసలు ఇబ్బంది. 10ఎక్స్ లెన్స్ అంటే ఫోకస్ దూరం దాదాపు 25 ఎంఎం, అంటే వస్తువు అద్దానికి ఒక అంగుళం దూరంలో ఉండాలి, అద్దమేమో మీ కంటికి ఆనుకుని ఉండాలి. లెక్క చూసుకోండి, మీ కన్నుకీ పురుగుకీ మధ్య అంగుళంన్నర. ఆంథియా ఏం చేస్తుందంటే, విసిగిస్తే పొట్ట చివరున్న గ్రంథుల నుంచి ఫార్మిక్ ఆసిడ్ చిమ్ముతుంది, చీమల్లో ఉండే ఆసిడే కానీ ఇది కాస్త దూరం నుంచే కొడుతుంది. అలాంటిదాన్ని చేత్తో పట్టుకుని కంటి దగ్గర పెట్టుకోవడం అంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. పొరపాటున కంట్లో పడితే నలపకుండా ఎక్కువసేపు మంచినీళ్లతో కడిగి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఈ ముక్క ఏ లెన్స్ డబ్బా మీదా రాయరు, ప్రొడక్ట్ పేజీలో సీతాకోకచిలుక బొమ్మ వేసి ఊరుకుంటారు.

కాబట్టి లెన్స్‌తో పాటు ఒక పారదర్శకమైన డబ్బా కూడా ఖర్చులో వేసుకోండి. లోతు తక్కువుండాలి, ఇది ముఖ్యం. స్వీట్ షాపు వాడిచ్చే లోతు డబ్బాలో పురుగు అడుగున కూర్చుంటే పైనుంచి ఫోకస్ అందదు, అంగుళం దాటిపోతుంది. ల్యాబుల్లో వాడే లోతు తక్కువ గుండ్రటి మూత డబ్బా, పెట్రీ డిష్ అంటారు, అది బెస్ట్, లేదంటే రెండు సెంటీమీటర్లు మించని మూత డబ్బా ఏదైనా. మూతపెట్టి, దాన్ని ఎత్తి పట్టుకుని కింద నుంచి చూడండి. పురుగు డబ్బా అడుగు మీదే నిలబడి ఉంటుంది కాబట్టి కాళ్లు పొట్ట అన్నీ ఫోకస్‌కి బాగా అందుతాయి, దానికి మిమ్మల్ని కొట్టే ఛాన్స్ ఉండదు. మరీ గిరగిరా తిరుగుతుంటే డబ్బాని కాసేపు ఫ్రిజ్‌లో పెడితే నెమ్మదిస్తుంది, ఫ్రీజర్‌లో కాదు, కింద అరలో. ఇంట్లో వంట చేసేవాళ్ల పర్మిషన్ మాత్రం మీరే తెచ్చుకోవాలి, మా అమ్మ అయితే డబ్బా మీద పురుగు అని పెద్దక్షరాలతో రాయించింది.

ఆ కింద నుంచి చూసే చూపుకోసమే నిజానికి ఈ లెన్స్ కొనాలి. గ్రౌండ్ బీటిల్స్ అంటే కారాబిడే కుటుంబం, ప్రపంచం మొత్తం మీద దాదాపు 40,000 రకాలు, ఎక్కువ భాగం నల్లగానో గోధుమరంగులోనో ఉంటాయి, చుక్కలున్నవి కొన్నే. పైనుంచి చూసి ఇది కారాబిడేనా కాదా అని తేల్చడం కష్టం, పొట్ట కింద చూస్తే తేలిపోతుంది. పొట్ట కింద పలకలు వరసగా ఉంటాయి కదా, మొదటి పలకని వెనక కాళ్ల మొదళ్లు అడ్డంగా వచ్చి రెండుగా చీల్చేస్తాయి, అందుకే ఆ పలక మధ్యలో కనపడదు, రెండు పక్కలా ముక్కలు మాత్రమే కనపడతాయి. అదెఫాగా అనే గుంపు మొత్తానికి ఇది గుర్తు, నీళ్లలో ఈదే డైవింగ్ బీటిల్స్‌కి కూడా ఉంటుంది. తర్వాత వెనక కాలు తొడ మొదట్లో ఒక బుడిపె, ట్రోకాంటర్ అంటారు, చిక్కుడు గింజలా పక్కకి ఉబ్బి ఉంటుంది. ఆంథియాలో అయితే ఇది కళ్లద్దాలు తీసేసిన మా తాతకి కూడా కనపడేంత సైజు, చిన్న రకాల్లో మాత్రం లెన్స్ లేకుండా పని జరగదు. ఒకసారి ఈ రెండూ చూడటం అలవాటైతే ఇంక రంగు సంగతి పట్టించుకోరు.

ఇంకో గుర్తు పాదాల కణుపులు. గ్రౌండ్ బీటిల్‌కి ముందు మధ్య వెనక కాళ్లన్నిటికీ పాదంలో ఐదేసి కణుపులు. మన ఎండ ప్రాంతాల్లో ఇలాగే నల్లగా ఉండి నేల మీద తిరిగే డార్క్‌లింగ్ బీటిల్స్ ఉంటాయి, వాటికి ముందు రెండు జతలకీ ఐదు, వెనక జతకి నాలుగే. చాలామంది ఈ రెండిటినీ కలిపేస్తారు. వెనక పాదం ఒక్కటి ఫోకస్‌లోకి తెచ్చుకుని నాలుగా ఐదా అని లెక్కపెడితే చాలు, గొడవ అయిపోయినట్టే. ఆంథియా సైజుకి 10ఎక్స్‌లో ఇది చాలా ఈజీ, సెంటీమీటర్ పురుగుకి కొంచెం ఓపిక కావాలి, నాలుగైదు ఎంఎం పురుగుకి వెలుతురు పక్క నుంచి పడితేనే.

కొన్న లెన్స్ మంచిదా కాదా అని ఇంట్లోనే చెక్ చేసుకోడానికి బీటిల్ కోసం బీడుకి పోనక్కర్లేదు, పాత గోధుమపిండి డబ్బా తీయండి. ఎర్ర పిండిపురుగు, ట్రైబోలియం కాస్టేనియం, మూడు నాలుగు ఎంఎం ఉంటుంది, అది కూడా డార్క్‌లింగ్ కుటుంబమే. దాని మీసం చివరి మూడు కణుపులు ఉన్నట్టుండి లావుగా గదలా అవుతాయి, దాని దగ్గరి చుట్టం ట్రైబోలియం కన్‌ఫ్యూజమ్‌కి మాత్రం మీసం మెల్లమెల్లగా లావవుతుంది. మంచి 10ఎక్స్ అయితే ఆ మూడు కణుపులు విడిగా కనపడాలి. కనపడకపోతే ఆ లెన్స్‌ని రిటర్న్ టైం లోపలే పంపేయండి. నా దాంట్లో స్పష్టంగా కనపడ్డాయి, అంచుల దగ్గర కొంచెం మెత్తబడింది కానీ మధ్యలో సూదిలా ఉంది.

రంగుల విషయంలో కూడా ట్రిప్లెట్ తీసుకోమని ఎందుకంటానంటే, గ్రౌండ్ బీటిల్స్‌లో క్లేనియస్ అని ఒక పెద్ద జీనస్ ఉంది, మన చెరువు గట్ల దగ్గర, పొలాల్లో, రాత్రిపూట లైట్ల దగ్గర దొరుకుతాయి, చాలా రకాలకి తల ప్రోనోటమ్ ఆకుపచ్చ లోహపు మెరుపుతో ఉంటాయి. లెన్సే సొంతంగా అంచుల్లో పచ్చరంగు పుట్టిస్తుంటే ఆ మెరుపు పురుగుదా గాజుదా అని ఎలా చెప్తాం? అన్నట్టు క్లేనియస్‌కి ఇంకో గుర్తుంది, పట్టుకుంటే ఆసుపత్రి వాసన వస్తుంది, అది విడిచేదాంట్లో క్రెసాల్ లాంటి పదార్థాలు ఉంటాయి, సో కొన్నిసార్లు లెన్స్ కంటే ముక్కే ముందు చెప్పేస్తుంది. నలుపూ పసుపూ కలిసినది ఒకటి లైట్ల దగ్గరికి వస్తుంది, ఫెరోప్సోఫస్, బాంబార్డియర్ బీటిల్స్ గుంపు, దాన్ని మాత్రం డబ్బా లేకుండా ముట్టుకోకండి. లోపల హైడ్రోక్వినోన్లు, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిసి దాదాపు 100 డిగ్రీల వేడితో టప్‌మని పేలుతూ బయటికొస్తుంది, చర్మం మీద మచ్చ పడుతుంది.

ముందు కాలి లోపలి వైపు ఒక చిన్న గాడి ఉంటుంది, దాంట్లో వెంట్రుకలు, మీసాలు దువ్వుకోడానికి. పురుగు మీసాన్ని కాలితో లాక్కుని ఆ గాడిలోంచి లాగుతున్నప్పుడు లెన్స్‌లో చూడండి, పైసా వసూల్. అలాగే కంటి పైన ఒకటో రెండో నిలబడిన వెంట్రుకలు, చిన్న గ్రౌండ్ బీటిల్స్‌ని గుంపులుగా విడదియ్యడానికి ఎక్స్‌పర్ట్‌లు అవి ఒకటా రెండా అని చూస్తారు. వాటిని చూడ్డానికి 10ఎక్స్ సరిపోవచ్చు కానీ గ్యారంటీగా చెప్పాలంటే మైక్రోస్కోపే, ఇక్కడ లెన్స్‌ని తిట్టి లాభం లేదు.

ఇప్పుడు ఫోన్ క్లిప్ లెన్స్ సంగతి. నా దగ్గర అదీ ఉంది, ఫొటోలకి పనికొస్తుంది, కాదనను. కానీ మూడు కెమెరాల ఫోన్ల మీద దాన్ని కరెక్టుగా మెయిన్ కెమెరా మీద కూర్చోబెట్టడం ఒక తంటా, కూర్చోబెట్టాక ఫోనే తెలివిగా ఇంకో కెమెరాకి మారిపోవడం ఇంకో తంటా. స్క్రీన్ చూస్తూ ఫోకస్ చేసేలోపు పురుగు డబ్బా అవతలి చివర ఉంటుంది. లూప్‌తో అయితే కన్ను, చెయ్యి కలిసి పనిచేస్తాయి, పురుగు కదిలితే మీరూ కదులుతారు, డబ్బాని కొంచెం వంచి వెనక కాలు, ఇంకొంచెం వంచి పొట్ట పలకలు, ఒక్క చూపులో అయిపోతాయి. ఫొటో కావాలంటే లూప్‌నే ఫోన్ కెమెరాకి ఆనించి కూడా తీయొచ్చు, అవార్డులు రావు కానీ గుర్తుపట్టడానికి చాలు. జీవుల ఫొటోలు పెట్టి పేర్లు కనుక్కునే ఐనాచురలిస్ట్, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ లాంటి సైట్లలో పెట్టేవాళ్లు పైనుంచి ఒకటి, తల దగ్గర ఒకటి, పొట్ట కింద ఒకటి, వెనక పాదం ఒకటి పెట్టండి, పక్కన స్కేలు పెడితే ఇంకా మంచిది. వీపు ఫొటో ఒక్కటే పెట్టి పేరు చెప్పండి సార్ అంటే పాపం వాళ్లు మాత్రం ఏం చెప్తారు.

30ఎక్స్ గురించి చెప్తానన్నా కదా. నిజంగా 30ఎక్స్ అయితే ఫోకస్ దూరం ఎనిమిది ఎంఎం చిల్లర, డబ్బా మందానికే అందులో కొంత పోతుంది, బతికున్న పురుగుని చూడ్డం కుదరదు. ఇంక చవకగా 21 ఎంఎం అద్దంతో 30ఎక్స్ అని అమ్మేవాటిని ఒకసారి స్కేలు మీద పెట్టి ఎంత దూరంలో ఫోకస్ అవుతుందో చూడండి, రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో అవుతుంటే అది 30ఎక్స్ కాదు, అచ్చు మాత్రమే 30ఎక్స్. ఆంథియాని మొత్తంగా ఒకేసారి చూడాలంటే నిజానికి 5ఎక్స్ ఇంకా హాయిగా ఉంటుంది, 10ఎక్స్‌లో తల చూస్తుంటే తోక కనపడదు. ఒక్కటే కొనాలంటే మాత్రం 10ఎక్స్.

మైనస్‌లు కూడా ఉన్నాయి. అద్దం తిరిగే చోట స్క్రూ కొన్నాళ్లకి వదులైంది, కళ్లజోళ్ల స్క్రూడ్రైవర్‌తో బిగించుకోవాలి. తాడు ఇవ్వలేదు, ఇంత చిన్న వస్తువు గడ్డిలో పడితే దొరకదు, మెడలో వేసుకునేలా ఒక రంగు తాడు మీరే కట్టుకోండి. కళ్లజోడు పెట్టుకునేవాళ్లకి చూపు వెడల్పు తగ్గుతుంది, జోడు తీసి వాడటమే మేలు, సిలిండర్ పవర్ ఎక్కువున్నవాళ్లకి మాత్రం కష్టం. ఎల్ఈడీ లైటున్న మోడల్ ఇంకో రెండొందలు ఎక్కువకి ఉంది, వద్దు. మెరిసే నల్లటి పెంకు మీద ఆ లైటు తెల్లటి మచ్చగా ప్రతిబింబించి ఉన్నది కూడా కనపడనివ్వదు, ఉదయం ఎండ పక్క నుంచి పడేలా కూర్చుంటే చాలు. ఎండ వైపు లెన్స్ పెట్టి చూడకండి, ఎండలో తెరిచి వదిలెయ్యకండి, పిల్లలకి ఇచ్చేముందు ఈ రెండూ చెప్పండి.

ఇంకోటి, అభయారణ్యాల్లో, రిజర్వ్ ఫారెస్టుల్లో పురుగుల్ని డబ్బాలో పెట్టుకు రాకండి, పర్మిషన్ లేకుండా ఏదీ తియ్యకూడదు. మన పొలం గట్టు మీద దొరికినదాన్ని కూడా చూసి, ఫొటో తీసి, పట్టిన చోటే వదిలెయ్యండి, పొలంలో అది చేసే పనికి జీతం కూడా అడగదు.

ఐదుకి నాలుగు స్టార్లు. ఒకటి కోసింది తాడు లేనందుకూ ఆ స్క్రూకీ. సీతాకోకచిలుకల్ని దూరం నుంచి చూసేవాళ్లకి ఇది వేస్టు, వాళ్లు బైనాక్యులర్ చూసుకోవాలి. పెంకుపురుగులు, చీమలు, గడ్డి పూలు చూసేవాళ్లయితే తీసుకోండి, ఆర్డర్ పెట్టేటప్పుడు ట్రిప్లెట్ అనే మాట డిస్క్రిప్షన్‌లో ఉందో లేదో ఒకసారి చూసుకుని మరీ పెట్టండి.